ముగ్గురం కలిసి నడిపిన కారు

మామూలుగా కార్లు మా షెడ్డుకు వచ్చేవి. ఒక్క కారు కోసం మాత్రం మేమే సామాన్లు మూట కట్టుకుని దాని ఇంటికి పోయాం. నెల్లూరులో మోటారు మెకానిక్కుగా పనిచేసిన అన్నేళ్లలో ఎన్ని ఇంజన్లు దించానో, ఎన్ని ఎక్కించానో నాకు గుర్తులేదు. ఆ కారు మాత్రం గుర్తుంది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి కూర్చుంటారు. పాత కార్లలో కొత్త సామాను బిగించుకోవడం ఇప్పుడు పెద్ద సరదా అయిందని వాళ్లే నాకు చెప్పారు. మా కాలంలో అది సరదా కాదు. కొత్త కారు దొరక్క చేసుకున్న పని.

అరవయ్యో దశకం మొదట్లో సంగతి. కొత్త కారు కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ల తరబడి కాచుకోవాలి. సీమ కార్ల దిగుమతి ఆగిపోయింది. వాటి సామాను కావాలంటే మద్రాసులో పాత ఇనుము అమ్మే బజార్లన్నీ గాలించాలి. అలాంటి రోజుల్లో ఇందుకూరుపేట వైపు నుంచి ఒక డాక్టరమ్మ మా షెడ్డుకు కబురు పెట్టింది. ఆమె నెల్లూరులో ఒక మిషన్ ఆసుపత్రిలో పనిచేసి రిటైరై, ఆ ఊళ్లో చిన్న ఇల్లు కట్టుకుని, ముందు గదిలోనే వైద్యం చేస్తూ ఉండేది. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం చర్చికి పోవడం, మిగతా రోజులు సముద్రం ఒడ్డున ఉండే జాలర్ల పాళేల్లో కాన్పులకు తిరగడం, అంతే ఆమె లోకం. ఆమె కారు ఒక దొరసాని డాక్టరుది. ఆ దొరసాని స్వదేశం పోతూ పోతూ దాన్ని ఈమెకు ఇచ్చిపోయింది. యుద్ధానికి చాలా ముందు అమెరికాలో తయారైన బండి.

దానికి సెల్ఫు స్టార్టరు ఎప్పుడో కాలిపోయింది. ముందు నిలబడి హ్యాండిలు తిప్పితేనే ఇంజను లేచేది. ఆ పని డ్రైవరుది. ఆయన పాళెం మనిషి. వయసులో ఉన్నప్పుడు సముద్రం మీదికి వేటకు పోయేవాడు. దొరసానే ఆయనకు డ్రైవింగు నేర్పింది. మేం పోవడానికి కొద్ది నెలల ముందు హ్యాండిలు వెనక్కి తన్ని ఆయన కుడి భుజం తొలిగింది. డాక్టరమ్మే సరిచేసి కట్టు కట్టింది గాని, ఆ చెయ్యి మళ్లీ భుజం కంటే పైకి లేవలేదు.

మా మేస్త్రీ, నేను ఇద్దరం పోయి చూశాం. మేస్త్రీ నాకు పని నేర్పిన మనిషి. తక్కువ మాట్లాడేవాడు, మాట్లాడితే ఎదుటివాడికి నచ్చేది కాదు. డాక్టరమ్మ తనకేం కావాలో వరసగా చెప్పింది. కొత్త సెల్ఫు, పెద్ద బ్యాటరీ, బాగా వెలిగే లైట్లు కావాలి. కమ్మీలతో లాగే పాత బ్రేకులు తీసేసి ఆయిల్ బ్రేకులు పెట్టాలి. వానకు తడిసే గుడ్డ తెరలు పోయి, పైకీ కిందికీ దిగే అద్దాలు రావాలి. మెత్తటి రబ్బరు సీట్లు వేయాలి, వెనక సీటు వాలిస్తే మంచంలా పరుచుకోవాలి. ఒక చిన్న ఫ్యాను కూడా. అంతా విని మేస్త్రీ, ఇన్ని పెడితే ఇది కారు కాదమ్మా, కాపురం అవుతుంది అన్నాడు. ఆమె నవ్వలేదు. కాన్పు కష్టమైన మనిషిని చెక్కలాంటి సీటు మీద ముడుచుకోబెట్టి నెల్లూరుకు తీసుకుపోవడం ఎప్పుడైనా చూశావా అని అడిగింది. చూడలేదన్నాడు. నేను చూశాను, అందుకే అడుగుతున్నాను అంది.

ఊళ్లో మాత్రం, ముసలితనంలో డాక్టరమ్మకు సుఖం మీద మనసు పోయిందని చెప్పుకున్నారు. ఆమె చెవిన కూడా పడే ఉంటుంది. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు.

బండి నెల్లూరు దాకా రాగలిగే స్థితిలో లేదు. వచ్చినా మా షెడ్డులో అన్నాళ్లు పెట్టుకోవడానికి చోటు లేదు. అందుకని ఆమె ఇంటి పక్కన తాటాకు కప్పిన కారు షెడ్డులోనే పని మొదలుపెట్టాం. మేస్త్రీ వీలైనప్పుడు వచ్చి పోయేవాడు. నేను అక్కడే వరండాలో పడుకుని, వాళ్ల వంటమనిషి పెట్టింది తిని, పని చేసేవాణ్ని. సముద్రపు గాలికి ఆ బండి కింది భాగమంతా తుప్పు పొరలు కట్టింది. ఒక్కో బోల్టు ఊడిరావాలంటే కిరసనాయిలు పోసి మర్నాటి దాకా కాచుకోవాల్సి వచ్చేది. డాక్టరమ్మ రోగులు లేనప్పుడు వచ్చి, ముక్కాలి పీట వేసుకుని కూర్చుని, ఇదేంది, ఇదెందుకు అని అడిగేది. నేను చెప్పింది శ్రద్ధగా విని, మళ్లీ నాకే అప్పజెప్పేది.

సెల్ఫు కుదరడానికి చాలా తంటాలు పడ్డాం. మద్రాసులో దొరికిన సెల్ఫు పళ్లు మన ఇంజను చక్రం పళ్లతో కలవలేదు. చివరికి లేతు మీద కొత్త పళ్ల చక్రం కోయించి ఎక్కించాం. అది మొదటిసారి పనిచేసిన రోజు ఇంట్లో అందరూ షెడ్డు ముందుకు వచ్చి నిలబడ్డారు. డాక్టరమ్మ బటను నొక్కింది. ఇంజను లేచింది. వంటమనిషి చప్పట్లు కొట్టింది. డ్రైవరు మాత్రం హ్యాండిలు తీసుకుపోయి గోడకు మేకు కొట్టి తగిలించి, వరండా చివర కూర్చుని బీడీ ముట్టించాడు. ఇంక తన అవసరం తీరిపోయిందనుకుంటున్నాడని నాకు అనిపించింది.

అంతలో డాక్టరమ్మ ఆయన్ని పిలిచి, వీధి చివరిదాకా నడిపి చూడమంది. ఆయన మొహం విప్పారింది. పోయేటప్పుడు బాగానే పోయాడు. వచ్చేటప్పుడు పట్టపగలు, ఎండలో, గేటు స్తంభానికి మడ్‌గార్డు రాసుకుంటూ లోపలికి వచ్చాడు. స్టీరింగు పట్టేసిందన్నాడు. నేను చూశాను. స్టీరింగు పట్టలేదు.

సాయంత్రం డాక్టరమ్మ నాతో ఒంటరిగా మాట్లాడింది. ఆయన రెండు కళ్లకీ శుక్లాలు వచ్చాయని, తనకు తెలిసి ఏడాది పైనే అయిందని, ఆపరేషన్ మాట ఎత్తితే లేచి వెళ్లిపోతున్నాడని చెప్పింది. కళ్లు పోయాయని ఒప్పుకుంటే పని పోతుందని ఆయన భయం. ఆమెకు కారు నడపడం కొంత వచ్చు, లైసెన్సు కూడా ఉంది, కాని ఎప్పుడూ రోడ్డు ఎక్కించలేదు. ఈ మార్పులన్నీ అయితే తనే నడుపుకోవచ్చని ఆమె ఆలోచన. ఆ మాట ఆయనతో ఎలా చెప్పాలో తెలియక, బాగుచేత పేరుతో రోజులు నెడుతోంది. ఇన్ని వందల మందికి జబ్బు పేరు మొహం మీద చెప్పిన మనిషి, ఈ ఒక్కడికి చెప్పలేకపోయింది. మెకానిక్కును ఇందులోకి లాగడం ఎందుకని నాలో నేను గొణుక్కున్నాను.

తర్వాత బ్రేకుల పని పట్టాం. నాలుగు చక్రాలూ విప్పి, కాలిబ్రేకు కమ్మీలన్నీ తీసేసి, ఆయిల్ గొట్టాలు పరిచాం. తీరా చూస్తే మద్రాసు నుంచి వచ్చిన బ్రేకు రబ్బర్లు సైజు తక్కువ. అంగడివాడు సరిపోతాయంటే మేస్త్రీ నమ్మి తెచ్చాడు. వాటిని మార్చుకురావడానికి ఆయనే మళ్లీ మద్రాసు రైలెక్కాడు. పోతూ, నేను వచ్చిందాకా ఇంకేం విప్పొద్దు అని చెప్పాడు. కాని డాక్టరమ్మకు తొందర, నాకు ఊరికే కూర్చోబుద్ధి కాదు. వెనక ట్యాంకు నుంచి ఇంజనుకు పెట్రోలు లాగే పాత చిన్న ట్యాంకు కారుతోందని దాన్ని కూడా తీసేశాను. దాని బదులు పెట్టాల్సిన కరెంటు పంపు అట్టపెట్టెలోనే ఉంది. ఒక పని ముగియకుండా ఇంకోటి విప్పకూడదని మా పనిలో మొదటి రోజే చెబుతారు. ఎందుకు చెబుతారో నాకు ఆ మర్నాడు తెలిసింది.

అప్పుడప్పుడే వానలు వెనకపట్టిన రోజులు. పొద్దున పదిగంటల వేళ పాళెం నుంచి ఒకడు సైకిలు మీద వచ్చాడు. మోకాళ్ల దాకా బురద. పెళ్లాం నిన్నటి నుంచి నొప్పులు పడుతోందని, మంత్రసాని తన వల్ల కాదని చేతులెత్తేసిందని చెప్పాడు. డాక్టరమ్మ రెండు మూడు ప్రశ్నలు వేసి సంచి అందుకుంది. పొద్దుటి బస్సు వెళ్లిపోయింది. ఊళ్లో ఉన్న ఇంకో కారు రైసు మిల్లు వాళ్లది, అది మద్రాసు పోయి ఉంది. ఎద్దుబండి మీద పోయి, ఆమెను వేసుకుని నెల్లూరు చేరేసరికి పొద్దుగూకుతుంది.

"చక్రాలు బిగించు నాయనా" అంది డాక్టరమ్మ నాతో.

బ్రేకులు లేవమ్మా అన్నాను. హ్యాండ్ బ్రేకు ఉంది కదా అంది. నిజమే, వెనక చక్రాలకు పోయే హ్యాండ్ బ్రేకు కమ్మీ మేం ఇంకా ముట్టుకోలేదు. పెట్రోలు ఎక్కదమ్మా అన్నాను. దానికేం చేయాలో నువ్వే చెప్పు అంది. ఉన్నది ఒకటే దారి. డబ్బాలో పెట్రోలు పోసి, రబ్బరు గొట్టంతో కార్బురేటరుకు కలిపి, డబ్బాను ఇంజను కంటే ఎత్తులో ఎవరో ఒకరు పట్టుకుని నిలబడాలి. బానెట్టు ఒక పక్క తెరిచి, ఎడమ ఫుట్‌బోర్డు మీద నిలబడి ఒక చేత్తో డబ్బా, రెండో చేత్తో తలుపు కమ్మీ పట్టుకోవాలి. గొట్టం ఎప్పుడు వదలాలో, ఎప్పుడు నొక్కాలో ఇంజను శబ్దం బట్టి తెలుసుకోవాలి. కాలే ఇంజను పక్కన పెట్రోలు డబ్బా పట్టుకుని నిలబడడం ఎంత తెలివితక్కువ పనో నాకు అప్పుడూ తెలుసు. మీరెవరూ చేయకండి.

అందుకే నేను నడపడానికి కుదరలేదు. డ్రైవరు చెయ్యి పైకి లేవదు కాబట్టి డబ్బా ఆయన పట్టుకోలేడు. చక్రాలు బిగించేసరికి ఆయన అప్పటికే స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. అది ఆయన పాళెం. పోయేది వాళ్ల మనిషి కోసం.

డాక్టరమ్మ తలుపు తీసి పట్టుకుంది. "నువ్వు ఆ పక్కన కూర్చో" అంది.

"బ్రేకులేని బండమ్మా. నాకైతే అలవాటు. నేను చూసుకుంటాను."

"చూసుకోలేవు. నీకు కళ్లు కనబడటం లేదు. ఆ సంగతి నాకు తెలుసు, నీకూ తెలుసు. ఇన్నాళ్లూ చెప్పకపోవడం నాదే తప్పు. కాని ఈ దోవ నీకు తెలిసినట్టు నాకు తెలీదు. పక్కన కూర్చుని ఎక్కడ ఏముందో చెప్పు, బ్రేకు నువ్వు లాగు."

నేను గొట్టం బిగిస్తున్నట్టు తల వంచుకున్నాను. తర్వాత సీటు కిర్రుమంది. తల ఎత్తేసరికి ఆయన ఎడమ పక్కకు జరిగి, రెండు చేతులతో హ్యాండ్ బ్రేకు కమ్మీ పట్టుకుని, ఎదురుగా చూస్తున్నాడు. మోటారు బండి తోలడం మొదలుపెట్టాక ఆయన ఆ పక్క కూర్చోవడం అదే మొదటిసారి అనుకుంటాను.

బయలుదేరాం. ఆమె మొదటి గేరులోనే పోతోంది. రెండోది వెయ్యమని డ్రైవరు, ఆగమని నేను, మీరిద్దరూ నోరు మూసుకోండని ఆమె. అలా మొదలైంది. మేము ముగ్గురం ఎప్పుడూ ఒకరితో ఒకరు గొంతెత్తి మాట్లాడుకున్న వాళ్లం కాదు. ఆ రోజు మాత్రం మర్యాదలన్నీ గేటు దగ్గరే దిగిపోయాయి. కాలవ కట్ట మలుపు ఎక్కడ వస్తుందో, చింతచెట్ల దగ్గర గుంత ఏ పక్కన ఉందో ఆయన ముందుగానే చెప్పేవాడు. ఆమె ఆలస్యంగా తిప్పితే విసుక్కునేవాడు. ఎదురుగా వరిగడ్డి బండి వచ్చినప్పుడు మాత్రం ఆయనకు అది కనబడలేదు. ఆమె బ్రేకు అని చెప్పింది, ఆయన లాగాడు. గడ్డి మా మొహాలకు రాసుకుంది గాని తగలలేదు. ఆ ఒక్కసారితో ఎవరి పని ఏదో ముగ్గురికీ తెలిసిపోయింది. కనబడేవి ఆమె చెబుతుంది. కనబడనివి ఆయన చెబుతాడు. పెట్రోలు సరిగా దిగడం లేదని నేను అరిస్తే గేరు మార్చకూడదు.

పాళెంలో ఆమె ఎక్కువసేపు లోపల లేదు. బయటికి వచ్చి, బిడ్డ అడ్డం తిరిగిందని, ఇక్కడ చేయగలిగింది లేదని, నెల్లూరుకు తీసుకుపోయి ఆపరేషన్ చేయించాలని చెప్పింది. బిడ్డ గుండె చప్పుడు సరిగా దొరకడం లేదని నాకు ఒక్కడికే వినబడేలా చెప్పింది. కొత్తగా బిగించిన వెనక సీటు వాల్చాం. రబ్బరు పరుపు అప్పటికే కుట్టి తెచ్చి ఉంది, దాని మీద పడుకోబెట్టాం. తలదగ్గర వాళ్ల అత్త కూర్చుంది. సైకిలు మీద వచ్చిన మొగుడు ఇంకో ఫుట్‌బోర్డు ఎక్కాడు.

తిరుగు దోవలో బరువు పెరిగింది, బండి ఆగడం ఇంకా కష్టమైంది. డబ్బా పట్టుకున్న చెయ్యి కర్రలా బిగుసుకుపోయింది. కుదుపులకు పెట్రోలు ఒలికి మోచేతి దాకా మంట. కాలవ మీద ఎత్తు వంతెన వస్తుందని, ఎక్కేటప్పుడు తొక్కమని, దిగేటప్పుడు తను లాగుతానని డ్రైవరు చెప్పాడు. సరిగ్గా దిగే చోట గేదెలు అడ్డంగా పోతున్నాయి.

"గేదెలు" అంది ఆమె.

ఆయన రెండు పాదాలూ ముందుకు తన్ని పెట్టి, మొత్తం ఒంటితో వెనక్కి వాలి కమ్మీ లాగాడు. వెనక చక్రాల దగ్గర కమురు వాసన, పొగ. చివరి గేదె తోక మా ముందు నుంచి పోయింది. వెనక పడుకున్న ఆ పిల్ల మూలిగింది. డాక్టరమ్మ రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే ఆమెతో మాట్లాడింది, అమ్మా, ఇంకొంచెం, నేనున్నాను అని. ఆ వెంటనే అదే గొంతుతో నన్ను, డబ్బా కిందికి దించావేంది అని కసిరింది.

నెల్లూరు చేరేసరికి హ్యాండ్ బ్రేకు ఇంక పట్టడం లేదు. లాగితే ఊరికే వెనక్కి వస్తోంది. నేను గొట్టం నొక్కి పెట్రోలు ఆపేశాను. ఇంజను తగ్గుతూ తగ్గుతూ ఆసుపత్రి ఆవరణలోకి పోయాం. అక్కడేదో గోడ కడుతూ ఇసుక పోసి ఉంది. డాక్టరమ్మ మరేం ఆలోచించకుండా ముందు చక్రాల్ని ఇసుకలోకి పోనిచ్చింది. మెత్తగా ఆగింది. లోపలి వాళ్లు స్ట్రెచరు తెచ్చారు. ఆమె వాళ్ల వెంట వెళ్లిపోయింది.

డ్రైవరు దిగలేదు. ఆయన అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. నేను పోయి పక్కన నిలబడ్డాను.

"ఎంత కాలంగా తెలుసంట ఆమెకు?" అని అడిగాడు.

ఏడాది పైనే అన్నాను.

"ఏడాదిగా తెలిసీ నా పక్కనే కూర్చోని వస్తా ఉందా" అన్నాడు.

బిడ్డ దక్కలేదు. మేం బయలుదేరేటప్పటికే పోయి ఉండొచ్చని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. తల్లి బతికింది. ఇంకో గంట ఆలస్యమైతే ఆమె కూడా దక్కేది కాదని ఆపరేషన్ చేసిన డాక్టరు అన్నాడట.

మేస్త్రీ మద్రాసు నుంచి సరైన రబ్బర్లతో వచ్చి, వెనక డ్రమ్ములు విప్పి, బొగ్గులా మాడిన బ్రేకు పట్టీలు బయటికి తీశాడు. మేం పోయినందుకు ఒక్క మాట అనలేదు. పెట్రోలు లాగే ఆ చిన్న ట్యాంకు ఎందుకు విప్పావని మాత్రం పని ముగిసేదాకా తిడుతూనే ఉన్నాడు. ఆయన లెక్కలో నా తప్పు అదొక్కటే, ఇప్పటికీ ఆయన లెక్కే సరైనదని నా అభిప్రాయం.

ఆ మరుసటి నెలలో డ్రైవరు తనంతట తానే వచ్చి, కళ్లు కోయించమని డాక్టరమ్మను అడిగాడు. ఆపరేషన్ అయింది. సీసా అడుగంత మందం అద్దాలు వచ్చాయి. వాటితో బండి నడపడానికి కుదరదు. ఆమె ఇంకో డ్రైవరును పెట్టుకోలేదు. తనే నడిపేది, ఆయన ఎడమ పక్కన కూర్చునేవాడు. నేను ఫ్యాను బిగించడానికి పోయిన రోజు, ఇప్పుడెలా ఉందన్నా అని అడిగాను. "బాగానే కనబడతా ఉండాది అబ్బయ్యా. కాకపోతే ముందు తెలిసినంత బాగా దోవ తెలీడం లేదు" అన్నాడు. ఆయన వేళాకోళం ఆడగా నేను విన్నది అదే మొదలు.

బండి పూర్తి చేసి అప్పజెప్పిన తర్వాత, వేసవిలో అనుకుంటాను, లైటు ఒకటి వెలగడం లేదంటే మళ్లీ పోయాను. షెడ్డు ముందు ఒక చిన్న వయసు ఆడమనిషి ఎండు చేపల గంప దించుకుని నిలబడి ఉంది. మేం నెల్లూరుకు తీసుకుపోయింది ఆమెనేనని నేను గుర్తుపట్టలేదు, ఆ రోజు నేను ఆమె మొహం సరిగా చూడలేదు. ఆమె కారు చుట్టూ ఒకసారి తిరిగి, అద్దంలోంచి వెనక సీటు చూసి, నన్నేనా పడుకోబెట్టింది ఇందులో అని అడిగింది. అవునన్నాను. బిడ్డ సంగతి మాట్లాడాలా వద్దా నాకు తెలియలేదు. ఏమైనా గుర్తుందామ్మా అని మాత్రం అడిగాను.

"ఏం లేదన్నా. కండ్లు మూసుకోనే ఉన్నా. దోవంతా మీరు ముగ్గురూ పోట్లాడుకుంటా ఉండారు, అదొకటే వినపడతా ఉన్నింది. నా కోసరం ఇంత గట్టిగా పోట్లాడేవాళ్లు నన్ను సావనియ్యర్లే అనుకున్నా."

గంప ఎత్తమంది. ఎత్తాను. ఆమె పాళెం దోవ పట్టింది.